కొన్ని మలుపులు మురిపిస్తాయి... కొన్ని విసిగిస్తాయి!

అవే కార్లు. అవే డ్రైవర్లు. ఒక ట్రాక్‌ మీద మనల్ని కన్నార్పనివ్వరు. రెండు వారాలు తిరిగేసరికి ఇంకో ట్రాక్‌ మీద కునుకు తెప్పిస్తారు. లోపం ఎక్కడుంది? కారులోనా, నడిపేవాడిలోనా, నేలలోనా? ప్రపంచంలో మెచ్చుకోదగ్గ రేస్‌ సర్క్యూట్లు, తిట్టుకోదగ్గ సర్క్యూట్లు... వాటి వెనకున్న కథలే ఈ వారం ముఖచిత్ర కథనం.

2000 ఆగస్టు 27. బెల్జియంలోని స్పా సర్క్యూట్‌. మొత్తం 44 ల్యాపుల రేసులో 41వ ల్యాపు నడుస్తోంది. ముందు మైకేల్‌ షూమాకర్‌, వెనకే మికా హకినెన్‌. ఇద్దరి వేగమూ గంటకు 300 కిలోమీటర్ల పైనే. వాళ్లకు ఎదురుగా, ఒక ల్యాపు వెనకబడిపోయిన రికార్డో జోంటా కారు రోడ్డు మధ్యలో పోతోంది. షూమాకర్‌ ఎడమ పక్కకు తప్పుకున్నాడు. అదే క్షణంలో హకినెన్‌ కుడి పక్కకు దూరాడు. ఒక కారుకు అటొకరు ఇటొకరు! మలుపు వచ్చేసరికి హకినెన్‌ ముందున్నాడు. రేసూ అతనిదే అయింది.

2024 మే 26. మొనాకో. మొదటి ల్యాపులోనే పెద్ద ప్రమాదం జరిగి రేసు ఆగింది. ఆ ఆటవిడుపులోనే అందరూ టైర్లు మార్చేసుకున్నారు. ఆ తర్వాత 70కి పైగా ల్యాపుల పాటు కార్లు ఊరేగింపులా తిరిగాయి. మొదటి పది స్థానాల్లో బయల్దేరిన పదిమందీ అదే వరసలో గీత దాటారు. ఫార్ములా వన్‌ చరిత్రలో అలా జరగడం అదే తొలిసారి. సొంత ఊళ్లో గెలిచినందుకు షార్ల్‌ లెక్లేర్‌ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతని ఆనందం నిజమైనదే. రేసు మాత్రం చప్పిడి.

ఈ రెండు రోజులకూ ఉన్న తేడా డ్రైవర్ల చలవ కాదు. హకినెన్‌నే తీసుకెళ్లి మొనాకోలో దించినా ఆ సాహసం చేయలేడు. అక్కడ మూడు కార్లు పక్కపక్కన పట్టవు. ఆటగాళ్లు ఎంతటివాళ్లయినా ఆటస్థలం ఇచ్చినంతే ఆడగలరు.

ఏ సర్క్యూట్‌కైనా నేను మూడు పరీక్షలు పెడతాను. ఒకటి నేల: ఎగుడు దిగుడులు ఉన్నాయా, లేక బల్లపరుపు మైదానమా? రెండు శిక్ష: డ్రైవర్‌ తప్పు చేస్తే ట్రాక్‌ వసూలు చేస్తుందా, క్షమించి వదిలేస్తుందా? మూడు చోటు: వెనకున్నవాడు ముందున్నవాణ్ని దాటడానికి సందు ఉందా? మూడింటిలోనూ గట్టెక్కినవి ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. ఒక్కదానిలోనూ పాసవనివి మాత్రం చాలానే ఉన్నాయి.

అడవిలో ఏడు కిలోమీటర్లు

నా జాబితాలో అగ్రతాంబూలం స్పా-ఫ్రాంకోర్‌షాంకే. అది పుట్టినప్పుడు రేస్‌ ట్రాకే కాదు. బెల్జియంలో ఆర్డెన్‌ కొండల నడుమ ఫ్రాంకోర్‌షాం, మాల్మెడీ, స్తావ్లో అనే మూడు ఊళ్లను కలిపే మామూలు రోడ్లు. 1920లో జూల్స్‌ డి థియే అనే పత్రికాధిపతి, హెన్రీ లాంగ్లోయి వాన్‌ ఓఫెమ్‌ అనే డ్రైవర్‌ కలిసి ఆ రోడ్లలో ఒక త్రికోణాన్ని చూశారు. చుట్టు దాదాపు 15 కిలోమీటర్లు. మరుసటి ఏడాదే దాని మీద మోటార్‌సైకిళ్లు పరుగెత్తాయి. అంటే ఈ ట్రాక్‌ని ఏ ఇంజినీరూ బల్ల మీద కాగితం పరిచి గీయలేదు. కొండలు, వాగులు ఎలా పొమ్మంటే రోడ్డు అలా పోయింది. రేసు దాని వెంట పోయింది.

1979లో కుదించాక ఇప్పుడున్నది 7.004 కిలోమీటర్లు. నేటి ఫార్ములా వన్‌ క్యాలెండర్‌లో ఇదే అన్నింటికన్నా పొడవైనది. అత్యంత ఎత్తైన చోటికీ, లోతైన చోటికీ తేడా సుమారు 100 మీటర్లు. లా సోర్స్‌ అనే ఇరుకు మలుపు తిరగ్గానే రోడ్డు కిందికి జారుతుంది. అడుగున ఓ రూజ్‌ అనే చిన్న వాగు. దాన్ని దాటీ దాటగానే ఎదురుగా రెడియోన్‌ ఎత్తు. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. మిట్ట ఎక్కేదాకా అవతల ఏముందో కనపడదు. యాక్సిలరేటర్‌ మీద కాలు తీయకుండా ఆ ఎత్తు ఎక్కడం ఒకప్పుడు మగటిమికి కొలమానం. ఈనాటి కార్లకు పొడి రోడ్డు మీద అది తేలికే. చినుకు పడిందంటే మాత్రం పాత భయం మళ్లీ మేల్కొంటుంది.

చినుకు ఎప్పుడైనా పడొచ్చు. ట్రాక్‌ పొడవు వల్ల ఒక కొసన వాన, ఇంకో కొసన ఎండ ఉండటం అక్కడ మామూలే. ఏ టైర్లు వేసుకోవాలన్నది జూదం అయిపోతుంది. 1991లో షూమాకర్‌ ఫార్ములా వన్‌లోకి అడుగుపెట్టింది ఇక్కడే. ఏడాది తిరిగాక ఒక తడి పొడి రోజున, సరైన వేళకు టైర్లు మార్చి, తొలి గెలుపు అందుకున్నదీ ఇక్కడే. ఓ రూజ్‌ తర్వాత వచ్చే పొడవాటి కెమెల్‌ దారిలో వెనకున్న కారుకు దాటే అవకాశం పుష్కలం. నేల, శిక్ష, చోటు... మూడింటా నూటికి నూరు.

వరి పొలం వద్దన్న హోండా

జపాన్‌లోని సుజుకా కథ వేరు. దాన్ని 1962లో హోండా కంపెనీ తన బండ్లను పరీక్షించుకోవడానికి కట్టుకుంది. మొదట చదునుగా ఉన్న వరి పొలాల్లో కట్టాలనుకున్నారనీ, అన్నం పెట్టే మాగాణి జోలికి వెళ్లొద్దని సొయిచిరో హోండా గట్టిగా చెప్పడంతో పక్కనున్న గుట్టల్లోకి మార్చారనీ చెబుతారు. ఆ ఒక్క నిర్ణయమే సుజుకాని సుజుకా చేసింది. డచ్‌ డిజైనర్‌ జాన్‌ హుగెన్‌హోల్ట్స్‌ ఆ గుట్టల మీద దారి మలిచాడు. ఇప్పుడు దాని పొడవు 5.807 కిలోమీటర్లు. ఫార్ములా వన్‌ సర్క్యూట్లలో ఎనిమిది అంకె ఆకారంలో ఉన్నది ఇదొక్కటే. ఒకచోట ట్రాక్‌ తన మీద తానే వంతెనలా దాటుతుంది. అందుకే ఎడమ మలుపులు, కుడి మలుపులు దాదాపు సమానంగా వస్తాయి.

మొదటి మలుపు తర్వాత వచ్చే పాము మెలికల్ని డ్రైవర్లు ఎంతో ఇష్టపడతారు. ఎడమ, కుడి, ఎడమ, కుడి... అన్నీ ఎత్తు ఎక్కుతూనే. మొదటి మెలికలో అర అడుగు తప్పితే ఆ తప్పు నాలుగో మెలిక దాకా వెంటాడుతుంది. 1989, 1990ల్లో అలెన్‌ ప్రోస్ట్‌, ఐర్టన్‌ సెన్నాల ప్రపంచ టైటిల్‌ తగవు రెండుసార్లూ ఇక్కడే, కార్లు ఢీకొనడంతో తేలింది. 2005లో కిమి రైకొనెన్‌ 17వ స్థానం నుంచి బయల్దేరి, ఆఖరి ల్యాపులో ఫిజికెల్లాను దాటి గెలిచాడు. దాటే చోటు తక్కువని సుజుకా మీద ఫిర్యాదు ఉంది. తెగువ ఉన్నవాడికి అది అడ్డం కాదని ఆ రేసు చూపించింది.

సావో పావ్‌లో, మోంజా, ఒక పచ్చటి నరకం

బ్రెజిల్‌లోని ఇంటర్‌లాగోస్‌ చిన్నది, 4.309 కిలోమీటర్లే. సావో పావ్‌లో నగరంలో రెండు జలాశయాల నడుమ 1940లో వెలసింది. గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి డ్రైవర్ల మెడలు నొప్పులు తేలతాయి. నేల గిన్నెలా పల్లంగా ఉండటంతో చాలా చోట్ల నుంచి సగం ట్రాక్‌ కంటికి ఆనుతుంది. 2008 చివరి రేసు ఇక్కడే జరిగింది. సొంత గడ్డ మీద ఫెలిపె మాసా రేసు గెలిచి ప్రపంచ చాంపియన్‌ అయ్యాడనుకుని అతని కుటుంబం గెంతులేసింది. అరనిమిషం గడిచిందో లేదో, వాన తడిలో పొడి టైర్ల మీద జారుతున్న టిమో గ్లాక్‌ను ఆఖరి మలుపుల్లో దాటేసి లూయిస్‌ హామిల్టన్‌ ఐదో స్థానం పట్టేశాడు. ఒక్క పాయింటుతో టైటిల్‌ చేతులు మారింది. 2024లో ఇదే ట్రాక్‌ మీద, జోరు వానలో మాక్స్‌ వెర్‌స్టాపెన్‌ 17వ స్థానం నుంచి వచ్చి గెలిచాడు.

ఇటలీలోని మోంజా నా మొదటి పరీక్షలో తప్పుతుంది. అక్కడ ఎత్తుపల్లాలు చెప్పుకోదగ్గవి లేవు. మిలాన్‌ దగ్గర రాజోద్యానంలో 1922లో 110 రోజుల్లో కట్టేశారు. కానీ చదును నేలను వేగంతో జయించిన ట్రాక్‌ అది. పొడవాటి తిన్నని దారులు, వాటి చివర ఒక్కసారిగా బ్రేకులు. ముందున్న కారు చీల్చిన గాలిలో వెనక కారు సులువుగా దూసుకొస్తుంది. 1971లో పీటర్‌ గెథిన్‌ రోనీ పీటర్సన్‌ మీద సెకనులో నూరో వంతు తేడాతో గెలిచాడు. మొదటి ఐదు కార్లూ ఒక్క సెకనులోపే గీత దాటాయి. 2025లో వెర్‌స్టాపెన్‌ ఇక్కడ గంటకు 250 కిలోమీటర్లకు పైగా సగటు వేగంతో గెలిచాడు. ఫార్ములా వన్‌లో అంతకన్నా వేగంగా ఏ రేసూ ముగియలేదు.

ఇక జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌ ఉత్తర చుట్టు, నార్డ్‌ష్లైఫ. నిరుద్యోగులకు పని కల్పించే పథకంగా మొదలై 1927లో తెరుచుకుంది. ఇప్పుడు 20.8 కిలోమీటర్లు. అడవిలో 70కి పైగా మలుపులు, దాదాపు 300 మీటర్ల ఎత్తుపల్లాలు. 1957లో, 46 ఏళ్ల వయసులో హువాన్‌ మాన్యుయెల్‌ ఫాంజియో టైర్లు మార్చుకోవడానికి ఆగి ముక్కాలు నిమిషం వెనకబడి, ల్యాపు ల్యాపుకూ రికార్డు తిరగరాస్తూ ముందున్న కుర్రాళ్లిద్దరినీ దాటి ఐదో ప్రపంచ టైటిల్‌ గెలిచాడు. 1968లో పొగమంచూ వానా కలిసిన రోజున జాకీ స్టీవర్ట్‌ నాలుగు నిమిషాలకు పైగా ఆధిక్యంతో గెలిచి, ఆ ట్రాక్‌కు ‘పచ్చటి నరకం’ అని పేరు పెట్టాడు. 1976లో నికీ లౌడా కారు మంటల్లో చిక్కుకున్నాక ఫార్ములా వన్‌ ఆ దారి మళ్లీ తొక్కలేదు. అయితే రుసుం కట్టి సొంత కారు తీసుకెళ్లి ఎవరైనా నడుపుకునే రోజులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇష్టానికి కట్టిన వెల

ఇక్కడ ఒక నిజం దాటేయకూడదు. మనం మెచ్చే ట్రాక్‌లన్నీ ప్రాణాలు తీసినవే. స్పాలో 1960లో ఒకే రేసులో క్రిస్‌ బ్రిస్టో, అలన్‌ స్టేసీ చనిపోయారు. 1966లో అక్కడే స్టీవర్ట్‌ కారు వానలో రోడ్డు తప్పి నుజ్జయింది. పెట్రోలు ఒళ్లంతా తడుపుతుంటే కారులో ఇరుక్కుపోయాడు. అతన్ని బయటికి లాగింది రక్షణ సిబ్బంది కాదు, తోటి డ్రైవర్లు గ్రాహం హిల్‌, బాబ్‌ బాండ్యురాంట్‌. అదీ ఒక ప్రేక్షకుడి దగ్గర పానా అరువడిగి. అప్పట్నుంచి స్టీవర్ట్‌ తన కారులో పానా పెట్టుకుని తిరిగాడు. సీటు బెల్టులు, కమ్మీలు, ట్రాక్‌ దగ్గరే వైద్యం కావాలని ఏళ్ల తరబడి పోరాడాడు. ఆ పోరు వల్లనే పాత స్పా మూతపడింది. కొత్త స్పా కూడా నెత్తురు చూడకపోలేదు. 2019లో ఆంత్వాన్‌ హ్యూబెర్‌, 2023లో డిలానో వాన్‌ట్‌ హాఫ్‌ అనే కుర్ర డ్రైవర్లు రెడియోన్‌ దాటిన దగ్గరే పోయారు. సుజుకాలో 2014లో జూల్స్‌ బియాంకి, కార్లను తొలగించే క్రేన్‌ను ఢీకొని, మరుసటి ఏడాది కన్నుమూశాడు. ఇటలీలోని ఇమోలాలో 1994లో ఒకే వారాంతంలో రోలండ్‌ రాట్జెన్‌బెర్గర్‌, సెన్నా ఇద్దరూ పోయారు.

కాబట్టి ‘శిక్ష’ అంటే చావు కాదు. తప్పు చేసినవాడు కంకరలో కూరుకుపోవాలి, స్థానం పోగొట్టుకోవాలి, కానీ రాత్రికి ఇంటికి చేరాలి. మంచి ట్రాక్‌ పట్టవలసిన తూకం అదే. 2022లో స్పాలో గట్టు జరిపి ఖాళీ జాగా పెంచి, కొన్ని చోట్ల మళ్లీ కంకర పోసింది ఆ తూకం కోసమే.

మొనాకోను ఏం చేద్దాం?

ఏ జాబితాలో పెట్టాలో తేలనిది మొనాకో. 1929 నుంచీ ఉంది. 3.337 కిలోమీటర్ల చుట్టు, 78 ల్యాపులు. మిగతా రేసులన్నీ కనీసం 305 కిలోమీటర్లు ఉండాలి. ఒక్క మొనాకోకే 260తో సరిపెట్టారు, అంత నెమ్మది కాబట్టి. ఆ సందుల్లో ఫార్ములా వన్‌ కారు నడపడం ఇంటి ముందుగదిలో సైకిలు తొక్కడం లాంటిదని మూడుసార్లు చాంపియన్‌ అయిన నెల్సన్‌ పికే అన్న మాట ఇప్పటికీ నవ్విస్తుంది.

కానీ శనివారం నాడు మొనాకోని మించింది లేదు. ఆ రోజు ఎవరి కారు వాళ్లది, పోటీ గడియారంతోనే. రెండు పక్కలా ఇనుప కమ్మీలు. వేలెడంత దూరంలో 200 దాటిన వేగం. 1988లో సెన్నా అదే మెక్‌లారెన్‌ కారున్న ప్రోస్ట్‌ కన్నా దాదాపు ఒకటిన్నర సెకను ముందు ల్యాపు ముగించాడు. మర్నాడు రేసులో తిరుగులేని ఆధిక్యంలో ఉండి, కాస్త ఏమరుపాటుతో కమ్మీని గుద్దేశాడు. శిక్ష అంటే అదీ.

ఆదివారం మాత్రం సీను మారిపోతుంది. 2017లో కారు వెడల్పు 2 మీటర్లకు పెరిగింది, పొడవు ఐదు మీటర్లు దాటింది. గుర్రపు బండ్ల కాలం నాటి వీధి మాత్రం పెరగలేదు. నా తీర్పు: శనివారం మొనాకోకు మొదటి బహుమతి. ఆదివారం మొనాకోకు అనుత్తీర్ణ పత్రం.

పార్కింగ్‌ స్థలంలో ప్రపంచ టైటిల్‌

ఇక తిట్ల వంతు. మొదటి స్థానం లాస్‌వెగాస్‌లోని సీజర్స్‌ పాలస్‌ది. 1981, 1982ల్లో ఆ జూదశాల కార్ల పార్కింగ్‌ స్థలంలో కాంక్రీటు దిమ్మెలు పేర్చి ఫార్ములా వన్‌ నడిపారు. ఎడారి ఎండ, ఒకేలాంటి మెలికలు, ఎటు చూసినా గోడ. ఎత్తు లేదు, పల్లం లేదు, చెట్టు లేదు. 1981లో అక్కడ పికే ఐదో స్థానంలో వచ్చి ఒక్క పాయింటుతో ప్రపంచ చాంపియన్‌ అయ్యాడు. రేసు ముగిసేసరికి మెడ నిలబెట్టలేనంతగా సొమ్మసిల్లాడు. అంత పెద్ద టైటిల్‌కు అంత చిన్న వేదిక ఇంకోటి లేదు.

రెండోది దక్షిణ కొరియాలోని యోంగమ్‌. రాజధాని సియోల్‌కు వందల కిలోమీటర్ల దూరంలో, సముద్రం పక్కన చదును చేసిన నేలలో కట్టారు. ట్రాక్‌ చుట్టూ ఒక నగరం లేస్తుందనీ, సగం మలుపులు ఆ నగర వీధుల్లో ఉన్నట్టు ఉంటాయనీ బొమ్మలు గీసి చూపించారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! నగరం రాలేదు. గోడల మధ్య వీధిలా కట్టిన మలుపులు మాత్రం ఖాళీ మైదానం నడుమ మిగిలిపోయాయి. 2010లో తొలి రేసుకు కొద్ది రోజుల ముందు దాకా తారు పని సాగింది. ఏడేళ్ల ఒప్పందం నాలుగు రేసులతో, 2013లో ముగిసింది.

మూడోది రష్యాలోని సోచి. 2014 శీతకాల ఒలింపిక్స్‌ కోసం కట్టిన స్టేడియాల చుట్టూ తిప్పారు. దాదాపు అన్నీ గది మూలల్లా లంబంగా తిరిగే మలుపులే. తారు ఎంత నునుపంటే టైర్లు అరిగేవి కావు. తొలి ఏడాది నికో రోస్‌బర్గ్‌ మొదటి ల్యాపులోనే టైర్లు మార్చుకుని, మిగతా రేసంతా అవే టైర్ల మీద లాగించి రెండో స్థానంలో వచ్చాడు. 2014 నుంచి 2021 దాకా ఎనిమిది రేసులు జరిగితే ఎనిమిదీ మెర్సిడెస్సే గెలిచింది. 2022లో ఉక్రెయిన్‌ మీద యుద్ధం మొదలయ్యాక రేసు రద్దయింది, ఒప్పందమూ తెగింది. ట్రాక్‌ కోసం ఏడ్చినవాళ్లు పెద్దగా లేరు.

స్పెయిన్‌లోని వాలెన్సియాది అదే బాపతు. పడవ పందేల కోసం ముస్తాబైన రేవు చుట్టూ 25 మలుపులు. 2008 నుంచి 2012 వరకు ఐదు రేసులు. 2012లో సొంత జనం ముందు ఫెర్నాండో అలొన్సో 11వ స్థానం నుంచి గెలిచింది తప్ప గుర్తుంచుకునేదేమీ లేదు.

ఫ్రాన్స్‌లోని పాల్‌ రికార్‌ నేరం ఇంకోటి. అక్కడ శిక్షే లేదు. ట్రాక్‌ చుట్టూ కంకర బదులు నీలం, ఎరుపు చారలు పూసిన విశాలమైన తారు మైదానం. డ్రైవర్‌ రోడ్డు తప్పినా అటు తిరిగి ఇటు వచ్చేస్తాడు. కార్లను పరీక్షించుకోవడానికి అది భద్రమైన చోటే. రేసు చూసేవాళ్లకు మాత్రం రోడ్డెక్కడో, బయలెక్కడో తెలియదు.

తప్పు గీసినవాడిదేనా?

అభిమానులు విసుగొచ్చిన ప్రతిసారీ తిట్టే పేరు హెర్మన్‌ టిల్కె. యోంగమ్‌, సోచి, వాలెన్సియా, అబుదాబి... అన్నీ ఈ జర్మన్‌ ఇంజినీరు గీసినవే. అబుదాబిలో 2010లో టైటిల్‌ కోసం పోరాడుతున్న అలొన్సో, విటాలి పెత్రోవ్‌ వెనక దాదాపు 40 ల్యాపులు ఇరుక్కుపోయి చాంపియన్‌షిప్‌ పోగొట్టుకోవడంతో ఆ తిట్లు తారస్థాయికి చేరాయి. చివరికి 2021లో అక్కడి మలుపులు కొన్ని మార్చాల్సి వచ్చింది.

అయితే మలేసియాలోని సెపాంగ్‌, అమెరికాలోని ఆస్టిన్‌, తుర్కియేలోని ఇస్తాంబుల్‌ కూడా ఆయన చేతి మీదుగా వచ్చినవే. ఆస్టిన్‌లో మొదటి మలుపు కొండెక్కినట్టు ఉంటుంది. ఇస్తాంబుల్‌ ఎనిమిదో మలుపు ఒకే దిక్కున సాగుతూ నాలుగుచోట్ల పట్టు పరీక్షిస్తుంది. డ్రైవర్లు ఆ మలుపును నెత్తిన పెట్టుకున్నారు. ఆయనకు గుట్టలిస్తే గొప్ప ట్రాక్‌లు వచ్చాయి. రేవు పక్కన బీడో, హోటల్‌ చుట్టుపక్కల స్థలమో ఇస్తే యోంగమ్‌లు వచ్చాయి. అక్కడ స్థలం ఎంచింది డిజైనర్‌ కాదు. స్టేడియాలో, రేవో, కట్టబోయే నగరమో టీవీలో కనపడాలన్న కోరిక ఎంచింది. దాటడాల లోటు పూడ్చడానికే 2011లో డీఆర్‌ఎస్‌ తెచ్చారు. వెనకున్న కారు రెక్క తెరుచుకుని, గాలి ఆటంకం తగ్గి వేగం పెరిగే ఏర్పాటు అది. 2025 దాకా నడిచి కొత్త నిబంధనలతో పోయింది. దాంతో దాటడాల సంఖ్య పెరిగింది కానీ, హకినెన్‌ దాటినట్టు దాటినవి ఎన్నని అడిగితే జవాబు దొరకదు.

డబ్బు ఆట ఇంకా ఆగలేదు. అందరూ మెచ్చే స్పా ఇప్పుడు ప్రతి ఏటా క్యాలెండర్‌లో ఉండదు. కొత్త ఒప్పందం ప్రకారం 2028లో, 2030లో అక్కడ రేసు లేదు. ఎక్కువ చెల్లించే నగరాలు వరసలో నిలబడి ఉన్నాయి మరి.

మన ట్రాక్‌ల మాటేమిటి?

గ్రేటర్‌ నోయిడాలోని బుద్ధ్‌ సర్క్యూట్‌నూ టిల్కె బృందమే గీసింది. 5.125 కిలోమీటర్లు. నేల చదునే అయినా మట్టి పోసి ఎత్తుపల్లాలు సృష్టించారు. అందుకే డ్రైవర్లు మెచ్చుకున్నారు. 2011, 2012, 2013ల్లో మూడు రేసులు జరిగితే మూడూ సెబాస్టియన్‌ వెటెలే గెలిచాడు. 2013లో నాలుగో ప్రపంచ టైటిల్‌ ఖాయం కాగానే ట్రాక్‌ మీద కారు గిరగిరా తిప్పి, దిగి దానికి దండం పెట్టాడు. భారత్‌లో ఫార్ములా వన్‌ చేసిన ఆఖరి సందడి అదే. ఇది క్రీడ కాదు వినోదం అంటూ వేసిన పన్నులు, వాటి మీద తగాదాలు రేసును మింగేశాయి. అదే చోట 2023లో మోటార్‌సైకిళ్ల రేసు మోటోజీపీ ఒక్కసారి వచ్చి వెళ్లింది. ట్రాక్‌ పాసైనా యాజమాన్యం తప్పిందన్నమాట.

అదే ఏడాది ఫిబ్రవరి 11న హైదరాబాద్‌ వంతు. హుస్సేన్‌సాగర్‌ తీరాన, ఎన్టీఆర్‌ మార్గ్‌ వెంట సుమారు 2.8 కిలోమీటర్లు, 18 మలుపులతో విద్యుత్‌ కార్లు పోటీపడే ఫార్ములా ఈ రేసు దేశంలో తొలిసారి జరిగింది. నా మూడు పరీక్షల్లో అది రెండు పాసైంది. గోడలు దగ్గరగా ఉండటంతో శిక్ష ఉంది. ఇరుకు మలుపు దగ్గర బ్రేకులు వేసే చోట దాటే సందు ఉంది. ఆ మలుపులోనే జాగ్వార్‌ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. బ్యాటరీ అడుగంటుతున్నా నిక్‌ కాసిడీని ఆఖరిదాకా అడ్డుకుని జ్యాఁ ఎరిక్‌ వెర్న్‌ గెలిచాడు. రేసు బాగుంది. కానీ నగరం నడిబొడ్డున రోజుల తరబడి రోడ్లు మూసేయడంతో జనం ట్రాఫిక్‌లో నలిగిపోయారు. ప్రభుత్వం మారాక 2024 రేసు రద్దయింది. ఆ ఏడాది డిసెంబర్‌లో చెల్లింపుల మీద ఏసీబీ కేసు నమోదైంది. రెండో రేసు జరగనే లేదు.

ఏటా నిలకడగా రేసులు నడుస్తున్న చోటు మాత్రం మనకు పొరుగునే ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల మద్రాస్‌ ట్రాక్‌ 1990 నుంచి నడుస్తోంది. ప్రభుత్వ ఖజానా కాదు, మద్రాస్‌ మోటార్‌ స్పోర్ట్స్‌ క్లబ్‌ దాన్ని నిలబెట్టింది. పెద్ద హంగులు లేవు. కానీ దక్షిణాదిలో ఎందరో కుర్రాళ్లు రేసు నేర్చుకున్నది అక్కడే.

ఆరు కార్ల రేసు

చెడ్డ రోజు కూడా ఒక్కోసారి మనవాళ్లకు మేలు చేస్తుంది. 2005 జూన్‌లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో, ఒరిగి ఉండే వేగపు మలుపు దగ్గర మిషెలిన్‌ టైర్లు తట్టుకోలేకపోయాయి. ప్రాణాలతో చెలగాటం వద్దని ఆ టైర్లున్న 14 కార్లూ సన్నాహక ల్యాపు ముగియగానే వెనక్కి వెళ్లిపోయాయి. మిగిలిన ఆరు కార్లతోనే రేసు నడిపారు. స్టాండ్లలో జనం ఈలలు, కేకలతో నిరసన తెలిపారు. ఆ ఆరుగురిలో నాలుగో స్థానంలో వచ్చినవాడు కోయంబత్తూరు కుర్రాడు నరైన్‌ కార్తికేయన్‌. ఫార్ములా వన్‌లో పాయింట్లు సాధించిన తొలి భారతీయుడు అతనే.

ఇక కట్టబోయేవాళ్లకు ఒక మాట

తెలుగు రాష్ట్రాల్లో రేస్‌ ట్రాక్‌ కట్టాలన్న ముచ్చట అప్పుడప్పుడూ లేస్తూనే ఉంటుంది. నిజంగా కట్టేవాళ్లుంటే నగరం నడిబొడ్డు రోడ్లు మూయొద్దు. రియల్‌ ఎస్టేట్‌ బొమ్మలకు అలంకారంగా ట్రాక్‌ గీయొద్దు. మూడు పంటలు పండే మాగాణిని అసలే ముట్టుకోవద్దు. దక్కన్‌లో పంటకు పనికిరాని రాతి మెట్టలకు కొదవ లేదు. ఆ ఎగుడు దిగుళ్లను చదును చేయకుండా, వాటి మీదుగానే దారి వేయండి. మొదటి ఖర్చు ఎక్కువే కావచ్చు. కానీ యోంగమ్‌కు నాలుగు రేసులతోనే ఫార్ములా వన్‌ దూరమైంది. గుట్టల మీద కట్టిన సుజుకా అరవై ఏళ్లు దాటినా నడుస్తూనే ఉంది.